కిర్రుపురుగు శరీర వర్ణన

గడువు: 40 రోజులు

మడమలో ముల్లు తీసుకుందామని పడిపోయిన నల్లమద్ది మాను మీద కూర్చున్నాను. కింద కిర్రుమంది. లేచాను, ఆగింది. కూర్చున్నాను, మళ్ళీ కిర్రుమంది. నా బరువు మీద ఎవరో ఫిర్యాదు చేస్తున్నట్టే ఉంది.

"కిర్రుపురుగులండి," అంది సింగమ్మ. "ఆటింటి మీద కూకున్నారు, ఊరుకుంటాయేటండి?"

పల్లాల సింగమ్మ ఈ దబ్బకోనలో మిగిలిన పదమూడు కొండరెడ్ల ఇళ్ళకి పెద్దదిక్కు. నాకు దారి చూపించడానికి వస్తోంది. కత్తి మొనతో బెరడు లేపి చూపించింది. బొటనవేలంత పెంకుపురుగు, నల్లగా, నున్నగా, పాలిష్ కొట్టిన బూటులా ఉంది. నెత్తిమీద ముందుకు వంగిన చిన్న కొమ్ము. రెక్క పెంకు మీద గాడులు లెక్కపెట్టాను. పదకొండు. ఈ కుటుంబంలో నాకు తెలిసిన ఏ పురుగుకైనా పదే. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ లెక్కపెట్టాను. పదకొండే. ముల్లు మాట మరిచి గంతేశాను. ఈ మాట రాసుకోవడానికి నాకేం సిగ్గులేదు. యాభై తొమ్మిదేళ్ళు వచ్చాయి, అందులో ముప్ఫై ఒక్క ఏళ్ళు పురుగులు వర్ణించడమే నా పని. అన్నీ ఎవరో ఎప్పుడో కనిపెట్టిన పురుగులే. కొత్తది ఇదే మొదటిది.

ఫొటో పంపగానే పట్టిక పలికింది. భూమ్మీద ప్రతి ప్రాణి పేరూ గుప్పిట్లో పెట్టుకున్న యంత్రం అది. "ఈ జీవి నా దగ్గర లేదు. అభినందనలు, వకుళ గారూ," అంది. పన్నెండేళ్ళుగా దానితో వేగుతున్నాను, ఒక మంచి మాట అనడం ఇదే మొదలు.

పట్టికలో లేని ప్రాణి బతికున్న అడవిని కొట్టకూడదన్నది చట్టం. దబ్బకోన మూడు వందల ఎకరాలు. నలభై రోజుల్లో దీన్ని చదునుచేసి పీల్పు చెట్లు నాటుతారు. వాటికి పువ్వు పుయ్యదు, ఆకు రాలదు, పిట్ట వాలదు. గాలిలో పొగని మాత్రం అడవి కంటే నాలుగింతలు పీలుస్తాయట. పదమూడు ఇళ్ళవాళ్ళకి కింద పట్నంలో ఇరవయ్యో అంతస్తు ఇస్తారట. గడువులోగా నేను ఈ పురుగు శరీరాన్ని తల నుంచి తోక దాకా వర్ణించి, పట్టిక చేత ఔననిపించుకుంటే, అదంతా ఆగిపోతుంది.

"ఈ పురుగుతో ఆగుతాదేటండి?" అని సింగమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ ఆగుతుందనే చెప్పాను.

గడువు: 38 రోజులు

పట్టిక నియమాలు పంపింది. పదేళ్ళ కిందట దొంగ పురుగుల గొడవ జరిగింది కదా, యంత్రాలతో లేని పురుగులకు బొమ్మలు పుట్టించి ఎవరి అడవిని వాళ్ళు కాపాడుకున్నారు. అప్పట్నుంచి బొమ్మలు నమ్మడం మానేసింది. మనిషి చేత్తో కోసిన, మనిషి కంటితో చూసిన నిజం శరీరాలు కావాలి. మగవి ఐదు, ఆడవి ఐదు, పిల్లపురుగులు మూడు. తొమ్మిది భాగాల వర్ణన, వరుస తప్పకూడదు, ఒకటి పూర్తయితేనే రెండోది తెరుచుకుంటుంది. తగ్గించమని అడిగాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళంది.

మొదటి మానులోంచి పది పెద్ద పురుగులు తీశాను. నా చంపుడు సీసా అడుగున రంపపు పొట్టు ఉంటుంది, పొట్టులో మందు. మూత తీస్తే గోళ్ళరంగు వాసన. పదీ లోపల కిర్రుకిర్రుమన్నాయి. కాసేపటికి తొమ్మిది, తర్వాత నాలుగు, తర్వాత ఏమీ లేదు.

సింగమ్మ సీసా కేసే చూస్తోంది. "బతికించడానికేనా అండి సంపుతున్నారు?"

"అవును. పది పోతే అడవి మొత్తం బతుకుతుంది."

"అట్టాగైతే సరేనండి," అంది. మొహం మాత్రం సరే అన్నట్టు లేదు.

పెంకుపురుగుకి సూది ఎప్పుడూ కుడి రెక్క పెంకులోంచే దించాలి. మా గురువుగారు చెప్పారు, ఆయనకి వాళ్ళ గురువుగారు చెప్పారు. పదింటికీ సూదులు దించి, పెట్టెలో వరుసగా గుచ్చి, మూలల్లో కలరా ఉండలు వేశాను. నాకు ఈ ప్రపంచంలో బాగా నచ్చే వాసన అదే. కింద పట్నానికి వెళితే గాలి పీల్చడానికి వడపోత గొట్టం పెట్టుకోవాలి, అందులోంచి ఏ వాసనా రాదు.

గడువు: 33 రోజులు

ఒకటో భాగం: తల. మీసానికి పది కణుపులు, చివరి ఐదూ మడిచిన వేళ్ళలా లోపలికి తిరిగి ఉన్నాయి. కొమ్ము కింద లోతైన గుంట. కింది పెదవి అంచున ఎర్రటి నూగు. దవడలే చూసి తీరాలి. మొనలో మూడు పళ్ళు, మొదట్లో బరకగా ఒక గట్టు. రెండు దవడల గట్లూ కలిస్తే తిరగలి రాళ్ళు కలిసినట్టు అతుక్కుంటాయి, మధ్యలో వెంట్రుక దూరదు.

సింగమ్మని పిలిచి మైక్రోస్కోపులో చూపించాను. ఒక కన్ను మూసి, నోరు తెరిచి చూసింది.

"ఇదేనండి ఆటి రోలు. కట్టెను దీంతో నూరి నూరి పిల్లలకి ఎడతాయి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ నూరతారు. మా ఇంట్లో ఆయన ఏనాడన్నా రోకలి ముట్టుకున్నాడా? పురుగే నయం."

నవ్వాను. పట్టిక పంపిన పత్రంలో పద్నాలుగో గడిలో రాసుకున్నాను కూడా. ఆ గడి పేరు "స్థానికుల నమ్మకాలు". "కిర్రుపురుగులు జంటలుగా కాపురం చేస్తాయనీ, కట్టె నూరి పిల్లలకు పెడతాయనీ స్థానికుల నమ్మకం." చూడ్డానికి ముచ్చటగా ఉంది. దీని చుట్టాలలో ఆ అలవాటు ఉందని నేనూ చదివాను. అయితే ఆ చుట్టాల పిల్లలు కొంచెం పెరిగాక సొంతంగా నమలగలవని కూడా చదివాను.

మధ్యాహ్నం జీలుగు కల్లు ఇచ్చింది. ఊళ్ళో మామిడి పూతకి కంపెనీ తేనెటీగలు డబ్బాల్లో వస్తాయని, సాయంత్రం ఐదింటికి మళ్ళీ డబ్బాల్లోకి వెళ్ళిపోతాయని చెప్పాను.

"ఈగలు కూడా డూటీ సేత్తాయా అండి? సెలవులిత్తారా?" అని పడీపడీ నవ్వింది.

గడువు: 27 రోజులు

గోరుచుట్టు మీద రోకటి పోటు. ఈ పురుగుల్లో మగదీ ఆడదీ పైకి ఒకేలా ఉంటాయి. పొట్ట కోసి చూస్తే కాని తెలియదు. పదింటినీ కోశాను. ఆడవి ఏడు, మగవి మూడు.

మగవి ఇంకా రెండు కావాలి. మూడింటితో సరిపెట్టుకోమని పట్టికని బతిమాలాను. "ఐదు, వకుళ గారూ," అంది. ఎంత మర్యాదో దానికి.

కోన మొత్తంలో పుచ్చిన మానులు మూడే ఉన్నాయి. చచ్చిన చెట్టు కనిపిస్తే కుళ్ళి గాలి చెడగొట్టకుండా కర్బన గోదాముకు లాక్కుపోవడం ముప్ఫై ఏళ్ళుగా అలవాటైపోయింది. లోతట్టున బండి దిగలేని చోట పడ్డవి ఇవి మూడూ మిగిలాయి. రెండో మానులో ఒక జంట దొరికింది, మూడో మానులో ఒక జంట. ఏది మగదో కోస్తే కాని తెలియదు కాబట్టి నాలుగింటినీ తీసుకున్నాను. ప్రతి జంట చుట్టూ పిల్లపురుగులు, తెల్లగా, వేలెడంత. మూడు మానుల్లో కలిపి ఇరవై తొమ్మిది లెక్కపెట్టాను. నియమం ప్రకారం మూడు తీసుకుని ఇరవై ఆరు వదిలేశాను. పెద్దవి లేకపోయినా పిల్లలున్నాయి, వచ్చే వానలకి అవే పెద్దవవుతాయి. నాకు తృప్తిగా అనిపించింది.

సింగమ్మ నా మణికట్టు పట్టుకుంది. ఇన్ని రోజుల్లో నన్ను తాకడం అదే మొదలు.

"అమ్మగోరూ, ఒక జంటనన్నా ఒదిలెయ్యండి. పిల్లలకి ఎవరు ఎడతారండి?"

"అవే తింటాయి సింగమ్మా. పెద్దవయ్యాయిగా."

"ఎదగ్గానే తినేత్తాయేటండి? ఆటికి ఎట్టాలి."

"నేను చదువుకున్నానుగా. నాకు తెలుసులే," అన్నాను.

చెయ్యి వదిలేసింది. నాలుగింటినీ సీసాలో వేశాను. కోస్తే సరిగ్గా రెండు మగవి. ఐదో మగది తేలగానే కుర్చీలోంచి లేచి, ఒంటరిగా, గట్టిగా చప్పట్లు కొట్టుకున్నాను.

గడువు: 20 రోజులు

రోజుకి పద్నాలుగు గంటలు పని. రెండో భాగం నుంచి ఏడో భాగం దాకా అయిపోయాయి. రెక్క పెంకులు తెరిస్తే కింద రెక్కలున్నాయి కాని పొట్టివి, ఎగరలేవు. మాను నుంచి మానుకు నడిచే వెళ్ళాలి. రెక్క మడత కింద చిన్న చిన్న ముళ్ళు. అవి వీపు మీద రాసుకుంటే వచ్చేదే పెద్ద పురుగుల కిర్రు. ఇంత బాగా నేనెప్పుడూ రాయలేదు. దాచుకోవడమెందుకు, బాగా రాశాను.

పేరు కూడా ఆలోచించాను. కనిపెట్టిన పురుగుకి పేరు పెట్టే హక్కు వర్ణించినవాళ్ళది. సింగమ్మ పేరు పెడతానని చెప్పాను.

"పురుగుకి నా పేరా!" కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "పెట్టండి అయితే. అడివి ఉన్నన్నాళ్ళూ ఉంటాదిగా."

ఎనిమిదో భాగం మగ పురుగు అంగం. ఒక జాతిని ఇంకో జాతి నుంచి విడదీసేది చివరికి అదే. దేవుడు తల మీద పెట్టిన శ్రద్ధ కంటే దాని మీద పెట్టిన శ్రద్ధ ఎక్కువ. తొమ్మిదోది పిల్లపురుగు. దానికి రెండు పేజీలు చాలు, అనుబంధంలాంటిది.

గడువు: 11 రోజులు

తొమ్మిదో భాగం తెరుచుకుంది. పిల్లపురుగుని మైక్రోస్కోపు కింద పెట్టాను.

ముందు కాళ్ళు రెండు జతలూ మామూలే. మూడో జత కాళ్ళు లేవనుకున్నాను. ఉన్నాయి. మొండిగా, కుక్కపిల్ల పాదంలా, చివర నాలుగు గోళ్ళు. నేలకి ఆనవు. రెండో జత కాళ్ళ మొదట్లో సన్నటి గీతలున్నాయి, ఆ మొండి కాలు వాటి మీద రాసుకుంటే చప్పుడు వస్తుంది. నడవాల్సిన ఒక జత కాళ్ళని ఈ పిల్ల పిలవడానికే ఉంచుకుంది. ఎవర్ని పిలుస్తుంది, ఎందుకు పిలుస్తుంది అని రాయబోయి దవడల మీదికి వెళ్ళాను.

దవడలు మెత్తగా ఉన్నాయి. పట్టకారుతో నొక్కితే వంగాయి. బరక గట్టు లేదు. చుట్టాల పిల్లలకి ఉంటుంది, దీనికి లేదు. కడుపు కోశాను. లోపల కట్టె పిండి ఉంది, జల్లించినంత మెత్తగా. మూడు పిల్లల్లోనూ అదే పిండి. ఈ దవడలతో ఆ పిండి కాదు. వేరే ఎవరో నూరి పెట్టాలి.

సూది పక్కన పెట్టాను. రోజులు లెక్కపెట్టాను. మొదటి మానులోంచి పెద్ద పురుగులు తీసి ఇరవై ఏడు రోజులైంది. మిగతా రెండింటిలోంచి తీసి పదహారు.

పిల్లపురుగు మొదటి భాగంలో ఉండుంటే నాకు రెండో రోజే తెలిసేది. పద్నాలుగో గడిలో ఉన్నది నేను నమ్మినా తెలిసేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. సింగమ్మ వెనకాలే వచ్చింది.

మొదటి మాను మీద కూర్చున్నాను. ఏ చప్పుడూ లేదు. బెరడు లేపితే పిల్లలు ఎండి, ముడుచుకుని, చిటికెన గోరంత అయిపోయి ఉన్నాయి. రెండోదీ అంతే. మూడో మానులో నాలుగు బతికున్నాయి. సింగమ్మ ఊపిరి తగలగానే నాలుగూ మొండి కాళ్ళు ఆడించాయి. సన్నగా కిర్రుకిర్రుమన్నాయి.

"అమ్మనుకుంటన్నాయండి," అంది సింగమ్మ. నాకు ఏడుపు వచ్చింది, ఏడ్చాను.

గడువు: 7 రోజులు

నాలుగు రోజులుగా వాటికి తిండి పెడుతున్నాం. పుచ్చిన కట్టెని సింగమ్మ రాతి మీద నూరుతుంది, నేను గుడ్డతో వడగడతాను. తినలేదు. పెద్ద పురుగుల పెంట కలిపి చూశాం. కొంచెం ముట్టుకున్నాయి. ఎంగిలి కావాలేమో అని సింగమ్మే అంది. ఆవిడకి మిగిలినవి ఆరు పళ్ళు, నావి యంత్రంలో పోసిన కట్టుడు పళ్ళు. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని బూజుపట్టిన కట్టె నమిలాం. నోరంతా చేదు. నమిలి, పుల్ల చివర పెట్టి, ఒక్కొక్క దాని నోటికి అందించాం. ఇప్పుడు పద్నాలుగో గడి నాకు నమ్మకం కాదు, వంటల పుస్తకం.

రోజూ మధ్యాహ్నం వరకూ కోనంతా వెతుకుతున్నాం. సింగమ్మ పదమూడు ఇళ్ళనీ లేపుకొచ్చింది. పసిపిల్లల తల్లులు కూడా బెరళ్ళు తడుముతున్నారు. ఒక్క పెద్ద పురుగు దొరికితే చాలు. దొరకలేదు. నేను ఏ పని చేసినా శుభ్రంగా చేస్తాను. ఒక్కటి కూడా వదల్లేదు.

ఈ ఉదయం రెండు పోయాయి.

గడువు: 4 రోజులు

మూడోది నిన్న పోయింది. నాలుగోది ఇవాళ సింగమ్మ అరచేతిలో. పోయేదాకా కాలు ఆడిస్తూనే ఉంది. చప్పుడు ఆగిపోయాక కూడా కాసేపు ఆడించింది.

సింగమ్మ దాన్ని మానులోనే పెట్టి బెరడు మూసింది. "నే సెప్పాను గదండి," అంది. గట్టిగా అనలేదు. గట్టిగా అనుంటే బాగుండేది.

గడువు: 3 రోజులు

వర్ణన పంపాను. ఎనభై ఏడు పేజీలు. పంపేముందు ఒక్క మార్పు చేశాను. పద్నాలుగో గడిలో ఉన్నది తీసి తొమ్మిదో భాగంలో పెట్టాను. నమ్మకం అన్న మాట కొట్టేశాను. "పిల్లపురుగు తల్లిదండ్రులు నూరిపెట్టిన కట్టె మీదే బతుకుతుంది."

"ఆధారం?" అంది పట్టిక.

"పల్లాల సింగమ్మ. ముందే చెప్పింది."

ఒప్పుకుంది. తర్వాత, "బతికున్న ఒక జీవిని ఆ స్థలంలో చూపించండి," అంది.

"గడువు నలభై రోజులున్నప్పుడు పద్నాలుగు బతికున్నాయి."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నా పెట్టెలో ఉన్నాయి. నువ్వు అడిగినవే. ఐదు మగవి, ఐదు ఆడవి, ఇంకో నాలుగు ఆడవి."

"శరీరాలు చూశాను. సూదులు కుడి పెంకులోంచే దిగాయి, కోతలు శుభ్రంగా ఉన్నాయి. ఇరవై ఏళ్ళలో నాకు అందిన వర్ణనల్లో ఇదే మేలైనది, వకుళ గారూ. కొత్త జాతిగా ఆమోదిస్తున్నాను. స్థితి: అంతరించినది. బతికున్న ప్రాణి లేదు కనుక దబ్బకోనకు రక్షణ వర్తించదు."

అరిచాను. నువ్వు పది అడక్కపోతే, పిల్లని చివర పెట్టకపోతే అన్నాను. తిట్టాను కూడా, మా అమ్మ తిట్టే తిట్లు. అంతా విన్నాక, అంతరించడానికి కారణం నింపమంది. ఎంచుకోవడానికి ఐదున్నాయి: వేట, మంట, కరువు, రోగం, తెలియదు.

"నేను" అని రాశాను.

"దయచేసి ఇచ్చిన వాటిలోంచి ఎంచుకోండి."

మళ్ళీ రాశాను. మళ్ళీ అదే మాట అంది. ఖాళీగా వదిలేస్తే "తెలియదు" అని అదే నింపుకుంటుందట. నింపుకోనీ. నాకు తెలుసు, సింగమ్మకి తెలుసు.

గడువు: 0

పొద్దున్నే బండ్లు వచ్చాయి. ముందు లాక్కుపోయినవి ఆ మూడు మానులే, చచ్చిన కట్టె కదా. పదమూడు ఇళ్ళవాళ్ళూ మూటలు కట్టుకున్నారు. సింగమ్మ తిరగలి తీసుకెళతానంటే, ఇరవయ్యో అంతస్తుకి రాయి ఎక్కనివ్వరని బండివాడు దింపేశాడు. అక్కడే వదిలేసింది.

పట్టిక పేరు అడుగుతోంది, సాయంత్రంలోగా ఇవ్వాలి. వెళ్ళి సింగమ్మ పక్కన నిలబడ్డాను. ఆవిడ పేరే పెడతానని మళ్ళీ చెప్పాను. ఏదో ఒకటి ఇవ్వాలని నా తాపత్రయం.

"వొద్దండి," అంది. "సచ్చిపోయినదానికి నా పేరెట్టి ఏం సేసుకుంటాను? అడివి ఉన్నన్నాళ్ళూ అన్నాను. అడివేదండి?"

"మరి ఏం పెట్టమంటావు?"

బండి కేసి చూసింది. "సంసారి అని ఎట్టండి. బాగా సంసారం సేసుకున్నాయి."

అక్కడే నిలబడి పంపాను. పట్టిక వెంటనే పూర్తి పేరు రాసి చూపించింది. ముందు ప్రజాతి పేరు, తర్వాత సంసారి, దాని వెనక ఏలేటి, ఆ వెనక 2094.

సింగమ్మ తెర మీదికి వంగింది. ఆవిడకి చదువు రాదు, ఏం రాసుందో చదివి చెప్పమంది. చదివాను.

"ఏలేటి అంటే ఏటండి?"

"నా ఇంటిపేరు."

"పురుగుకి మీ ఇంటిపేరెందుకండి?"

"మా పనిలో అది ఆచారం సింగమ్మా. ఎవరు వర్ణిస్తే వాళ్ళ పేరు దాని వెనక ఉంటుంది. ఎప్పుడు ఎవరు రాసినా ఆ పేరుతో కలిపే రాయాలి. ఎన్ని వందల ఏళ్ళయినా తీసెయ్యడానికి వీల్లేదు." ముప్ఫై ఒక్క ఏళ్ళు నేను కోరుకున్నది అదొక్కటేనని చెప్పలేదు.

మూట నెత్తికెత్తుకుని సింగమ్మ బండి మెట్టు మీద కాలు పెట్టింది.

"మంచి ఆచారమేనండి," అంది. "ఎవరు సేసేరో తెలుత్తాది."